కణ విభజనకు కళ్ళెం వేసిన భీమవరం వైద్యుడు: యల్లాప్రగడ సుబ్బారావు

కీళ్ళవాతంతో వేళ్ళు బిగుసుకుపోయిన వృద్ధురాలికి వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలని హెచ్చరించి మరీ వైద్యులు రాసే చిన్న మాత్ర ఒకటి ఉంది. రక్త క్యాన్సర్ సోకిన పసివారికి రెండు మూడేళ్ళ పాటు ఇచ్చే మందుల్లోనూ అదే ఉంటుంది. దాని పేరు మెథోట్రెక్సేట్. గర్భిణులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా పంచే ఐరన్ మాత్రలో కలిసి ఉండేది ఫోలిక్ ఆమ్లం. మొదటిది కణాన్ని విభజన చెందకుండా ఆపుతుంది. రెండోది కణ విభజన సజావుగా సాగేందుకు తోడ్పడుతుంది. పరస్పర విరుద్ధంగా పనిచేసే ఈ రెండు పదార్థాలూ ఒకే పరిశోధనశాల నుంచి, ఒకే శాస్త్రవేత్త నాయకత్వంలో, మూడు నాలుగేళ్ళ వ్యవధిలో లోకానికి అందాయి. ఆ శాస్త్రవేత్త పశ్చిమ గోదావరి గడ్డపై పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

జీవకణం తన డీఎన్‌ఏకు నకలు ఎలా రాసుకుంటుందో ప్రపంచానికి తెలియక మునుపే, ఆ రాతను మధ్యలో ఆపగల ఔషధానికి దారి చూపిన ఘనత ఆయన బృందానిది. డీఎన్‌ఏ జంట నిచ్చెన నిర్మాణం 1953లో వెల్లడైంది. సుబ్బారావు అప్పటికి ఐదేళ్ళ క్రితమే కన్నుమూశారు.

పరీక్ష తప్పిన విద్యార్థి

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం నుంచి తప్పుకోవడంతో పెద్ద కుటుంబం ఇబ్బందుల్లో పడింది. తల్లి వెంకమ్మకు మాత్రం ఈ కుమారుడిని చదివించి తీరాలన్న పట్టుదల ఉండేది. కొడుకు తీరు అందుకు భిన్నం. పదమూడేళ్ళ వయసులో, కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపండ్లు అమ్మితే డబ్బు సంపాదించవచ్చని ఇల్లు వదిలి బయల్దేరాడు. పెద్దలు దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు.

తండ్రి మరణానంతరం తల్లి తన నగలు అమ్మి చదువు కొనసాగించింది. రాజమహేంద్రవరంలో మొదలైన ఉన్నత పాఠశాల చదువు మద్రాసులోని హిందూ హైస్కూలులో ముగిసింది. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యాసం స్వీకరించాలనుకున్నారు. తల్లి ససేమిరా అన్నారు. వైద్యం నేర్చుకుని రోగులకు సేవ చేయడం కూడా ఆ మార్గమేనన్న మఠం పెద్దల సలహా ఆయనను మద్రాసు వైద్య కళాశాల మెట్లు ఎక్కించింది. చదువు ఖర్చుకు మిత్రులు సాయపడ్డారు. 1919లో శేషగిరితో వివాహమయ్యాక మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి కూడా అండగా నిలిచారు.

అది జాతీయోద్యమం ఉప్పెనలా లేచిన కాలం. గాంధీజీ పిలుపు విన్న సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు వస్త్రంతో కుట్టించిన అంగీ ధరించి వెళ్ళారు. అది ఆంగ్లేయుడైన ఆచార్యుడికి రుచించలేదు. రాత పరీక్షల్లో రాణించినప్పటికీ ఆయన చేతికి వచ్చింది ఎంబీబీఎస్ పట్టా కాదు, అంతకంటే తక్కువ స్థాయిదైన ఎల్‌ఎంఎస్. దాంతో ప్రభుత్వ వైద్య సర్వీసులో ప్రవేశానికి దారి మూసుకుపోయింది.

సోదరులను మింగిన వ్యాధి

సుబ్బారావును పరిశోధన వైపు నెట్టినది పట్టా విషయంలో జరిగిన అవమానం కాదు, ఇంట్లో జరిగిన విషాదం. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో ఉష్ణమండల స్ప్రూ అనే వ్యాధికి బలయ్యారు. మన పెద్దలు సంగ్రహణి అని పిలిచే జబ్బులకు దగ్గరి బంధువు ఇది. పేగు లోపలి పొర క్షీణిస్తుంది. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పుండు పడుతుంది. రక్తం పలుచబడి మనిషి కళ్ళెదుటే చిక్కి శల్యమవుతాడు. అప్పటి అల్లోపతి వైద్యంలో దీనికి మందు లేదు. కొంతకాలానికి సుబ్బారావుకూ అదే వ్యాధి సోకింది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు.

ఆ కృతజ్ఞతతోనూ, ప్రాచీన వైద్యంలోని మందులు ఎలా పనిచేస్తాయో ఆధునిక పద్ధతుల్లో తెలుసుకోవాలన్న తపనతోనూ ఆయన మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకుడిగా చేరారు. అయితే కోరుకున్న పరిశోధనకు అక్కడ సదుపాయాలు లేవు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం చదవాలని నిశ్చయించుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేసిన సాయం, మామగారు సర్దిన డబ్బు కలిపి ప్రయాణం సాధ్యమైంది. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి ఓడ ఎక్కారు. ఆ తిరుగు ప్రయాణం ఎన్నడూ జరగలేదు.

బోస్టన్‌లో రాత్రి కొలువు

సుబ్బారావు బోస్టన్ చేరిన 1923వ సంవత్సరమే భారతీయులు అమెరికా పౌరసత్వానికి అనర్హులని ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చేతిలో ఉన్న డబ్బు ఎంతో కాలం సరిపోయేది కాదు. వైద్య పట్టా ఉన్నా ఆ దేశంలో వైద్యం చేసే అర్హత లేదు. పగలు చదువుకుంటూ, రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనిలో కుదిరారు. 1924లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తయింది. అటుపై హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధకుడిగా చేరారు.

అక్కడ ఆయన చేపట్టిన తొలి పని పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. రక్తంలో, మూత్రంలో, కండరంలో భాస్వరం ఎంత ఉందో కచ్చితంగా కొలిచే పద్ధతి కనిపెట్టడం. నమూనాకు కొన్ని రసాయనాలు కలిపితే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ ఉన్నట్టు. 1925లో వెలువడిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి వేగమైనది, నమ్మదగినది. దశాబ్దాల తరబడి ప్రపంచవ్యాప్తంగా జీవరసాయన విద్యార్థులు ఈ పేరుతోనే దీన్ని నేర్చుకున్నారు.

కొలిచే సాధనం చేతికి వచ్చాక కొత్త సంగతులు బయటపడసాగాయి. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని ఫిస్కే, సుబ్బారావు గుర్తించారు. ఇంగ్లండులో మరో బృందం కూడా అదే సమయంలో దీని జాడ పట్టింది. కండరం పనిచేయడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందన్న సిద్ధాంతానికి అప్పటికే నోబెల్ బహుమతి లభించి ఉంది. కొత్త పరిశోధన ఆ నమ్మకాన్ని కదిలించింది. 1929లో అంతకన్నా ముఖ్యమైన ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దాన్ని కనుగొన్నారు. శ్వాసించే ప్రతి ప్రాణిలోనూ శక్తిని చేతులు మార్చే నాణెం ఏటీపీయేనని తరువాత రుజువైంది. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్ డాక్టరేట్ లభించింది.

ఇంత చేసినా ఆ విశ్వవిద్యాలయంలో ఆయనకు శాశ్వత పదవి దక్కలేదు. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్ల వివరాలను ఫిస్కే అసూయతో వెలుగు చూడనివ్వలేదని, వాటిని ఇతరులు ఏళ్ళ తరువాత మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని అదే ప్రయోగశాలలో పనిచేసిన జార్జ్ హిచింగ్స్ అనంతర కాలంలో చెప్పారు. 1988లో నోబెల్ వైద్య పురస్కారం పంచుకున్న శాస్త్రవేత్త ఈయన. తనకు దక్కవలసిన గుర్తింపు గురించి సుబ్బారావు మాత్రం బహిరంగంగా పోరాడలేదు. 1940లో హార్వర్డ్‌ను వీడి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనశాలకు మారారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనలకు డైరెక్టర్ అయ్యారు.

కణం నకలు రాసుకునే తీరు

సుబ్బారావు తరువాత సాధించినదాని విలువ అర్థం కావాలంటే ఒక కణం రెండుగా ఎలా మారుతుందో తెలియాలి. ఈ జ్ఞానం చాలావరకు ఆయన మరణానంతరం సమకూరినదే.

మన శరీరంలోని ఒక కణ కేంద్రకంలో ఉన్న డీఎన్‌ఏను సాగదీస్తే దాదాపు రెండు మీటర్ల పొడవు ఉంటుంది. అందులో అడినీన్, థైమీన్, గ్వానీన్, సైటోసీన్ అనే నాలుగు రసాయన అక్షరాలు సుమారు 600 కోట్ల జతలుగా పేర్చి ఉంటాయి. అడినీన్‌కు ఎదురుగా థైమీన్, గ్వానీన్‌కు ఎదురుగా సైటోసీన్ మాత్రమే నిలుస్తాయి. ఈ నియమమే నకలుకు ఆధారం. విభజనకు ముందు కణం తన జంట పోగులను విడదీస్తుంది. ఒక ఎంజైమ్ ఏటీపీ శక్తితో ముడి విప్పుకుంటూ ముందుకు సాగుతుంది. మరో ఎంజైమ్ వెనకే వస్తూ ప్రతి పాత పోగుకు ఎదురుగా తగిన అక్షరాలను పేర్చి కొత్త పోగు అల్లుతుంది. పొరపాటు పడితే వెనక్కి వచ్చి దిద్దుకుంటుంది. మానవ కణంలో ఈ రాతకోతలకు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. పని ముగిశాక డీఎన్‌ఏ 46 జంట క్రోమోజోములుగా ముడుచుకుంటుంది. సన్నని దారాలు వాటిని చెరో సగంగా రెండు వైపులకూ లాగుతాయి. నడుమ నొక్కుకుపోయి ఒక కణం రెండవుతుంది.

ఈ ప్రక్రియ మొత్తానికి ముడిసరుకు ఆ నాలుగు అక్షరాలే. ఒక్కసారి విభజన జరగాలంటే దాదాపు 360 కోట్ల థైమీన్ అక్షరాలు కొత్తగా కావాలి. వీటిని కణం సొంతంగా తయారుచేసుకుంటుంది. యురాసిల్ అనే అక్షరానికి ఒక్క కార్బన్ పరమాణువును అతికిస్తే థైమీన్ అవుతుంది. ఆ ఒక్క కార్బన్‌ను మోసుకొచ్చి అందించేది ఫోలిక్ ఆమ్లం నుంచి కణంలో తయారయ్యే ఫోలేట్. దీన్ని రేవు దాటించే పడవతో పోల్చవచ్చు. అవతలి ఒడ్డున మనిషిని దింపిన పడవ తిరిగి ఇవతలి ఒడ్డుకు వస్తేనే మరొకరు ఎక్కగలరు. కార్బన్‌ను దించేసిన ఫోలేట్‌ను మళ్ళీ పనికి సిద్ధం చేసే సరంగు వంటిది మరో ఎంజైమ్.

పడవలు తక్కువైతే ఏమవుతుంది? మన ఎముక మజ్జ సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణాలను తయారు చేస్తుంది. ఫోలేట్ కరవైతే అక్కడి కణాలు పెరుగుతాయి, మాంసకృత్తులు చేసుకుంటాయి, పరిమాణంలో ఉబ్బుతాయి. కానీ డీఎన్‌ఏ నకలు పూర్తికాక సకాలంలో విభజన చెందలేవు. చాలా కణాలు మజ్జలోనే నశిస్తాయి. రక్తంలోకి చేరేవి సంఖ్యలో తక్కువ, ఆకారంలో పెద్దవి. పేగు పొరదీ ఇదే దుస్థితి. కొద్ది రోజులకొకసారి పూర్తిగా కొత్తది కావలసిన ఆ పొర పల్చబడిపోతుంది. భీమవరం కుటుంబంలో ఇద్దరు సోదరులను కబళించిన వ్యాధిలో రక్తహీనత ఎందుకు కలుగుతుందో, నాలుక ఎందుకు పుండు పడుతుందో ఇప్పుడు మనకు తెలుసు. పాడైన పేగు ఫోలేట్‌ను పీల్చుకోలేదు. ఫోలేట్ అందని పేగు బాగుపడలేదు. అదొక విషవలయం.

బొంబాయి నుంచి పెర్ల్ రివర్ దాకా

ఫోలిక్ ఆమ్లం అన్వేషణ మొదలైంది మన దేశంలోనే. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి చేరుకుని, అక్కడి పేద గర్భిణుల్లో, ముఖ్యంగా బట్టల మిల్లు కార్మికుల్లో కనిపిస్తున్న తీవ్ర రక్తహీనతను అధ్యయనం చేశారు. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవకైన ఆహార పదార్థం తినిపిస్తే వారు కోలుకున్నారు. అందులోని మేలు చేసే పదార్థమేదో అప్పుడు తెలియలేదు. 1941లో టెక్సస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని రాబట్టి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ పదం ఆధారంగా దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు.

అయితే టన్నుల కొద్దీ పాలకూర నుంచో, కాలేయం నుంచో పిసరంత పిండుకునే పదార్థంతో రోగులకు వైద్యం చేయడం అసాధ్యం. సుబ్బారావు కాలేయ సారాన్ని హార్వర్డ్ రోజుల నుంచే శోధిస్తూ వచ్చారు. లెడర్లీలో ఆయన రసాయన శాస్త్రవేత్తలను, సూక్ష్మజీవ శాస్త్రవేత్తలను, వైద్యులను ఒక్కతాటిపైకి తెచ్చారు. ఈ బృందంలోని స్టోక్‌స్టాడ్ 1943 నాటికి కాలేయం నుంచి శుద్ధ స్ఫటికాలను వేరుచేశారు. ఆ అణువు మూడు ముక్కల కలయిక అని తేలింది. 1945లో దాన్ని కృత్రిమంగా తయారు చేసినట్టు సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఆ పత్రంపై 16 మంది పేర్లున్నాయి. ప్రథమ స్థానం సుబ్బారావుది కాదు. ఆ 16 మందిలో ఆయన ఒకరు, అంతే.

కృత్రిమ ఫోలిక్ ఆమ్లం అందుబాటులోకి రాగానే టామ్ స్పైస్ వంటి వైద్యులు దాన్ని స్ప్రూ రోగులపై పరీక్షించారు. రోజుల వ్యవధిలోనే రోగులకు ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది. సోదరుల చావుకు కారణమైన వ్యాధికి రెండు దశాబ్దాల తరువాత, వేల మైళ్ళ దూరంలో, సుబ్బారావు నడిపిన ప్రయోగశాల నుంచే మందు వెలువడింది.

కణాన్ని మోసగించిన అణువు

కథ అక్కడితో ఆగలేదు. బోస్టన్ బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే రోగనిర్ధారణ నిపుణుడు తీవ్రమైన ల్యుకేమియాతో వచ్చే పిల్లలు వారాల్లో, నెలల్లో మరణించడాన్ని నిస్సహాయంగా చూస్తున్నారు. ల్యుకేమియాలో ఎముక మజ్జ నిండా అపరిపక్వ తెల్లకణాలు అదుపు తప్పి విభజన చెందుతూ పోతాయి. లెడర్లీ నుంచి అందిన ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలను ఇచ్చి చూస్తే, వ్యాధి తగ్గకపోగా కొందరిలో మరింత జోరందుకున్నట్టు కనిపించింది. మనసును కలచివేసే ఆ ఫలితంలోనే ఒక సూచన ఉంది. ఫోలేట్ ఈ కణాలకు ఊతమిస్తోందంటే, ఫోలేట్‌ను అడ్డుకుంటే అవి కుప్పకూలవచ్చు.

సుబ్బారావు బృందం అప్పటికే ఆ దిశగా ప్రయత్నాలు ప్రారంభించింది. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే దారి తెలిసిన వారికి, దానిలో చిన్న మార్పు చేసి నకిలీని సృష్టించడం సాధ్యమైన పనే. డోరిస్ సీగర్, ఆమె సహచరులు అణువులో ఒకచోట ఉన్న ఆక్సిజన్ భాగాన్ని తీసి నత్రజని భాగాన్ని ఉంచారు. అలా అమైనోప్టెరిన్ పుట్టింది. మరికొద్ది మార్పుతో వచ్చినదే నేటి మెథోట్రెక్సేట్. చూడ్డానికి ఫోలేట్‌లాగే ఉండే ఈ అణువును సరంగు వంటి ఆ ఎంజైమ్ గట్టిగా పట్టుకుంటుంది, ఇక వదలదు. పడవలన్నీ అవతలి ఒడ్డునే నిలిచిపోతాయి. థైమీన్ తయారీ ఆగుతుంది. డీఎన్‌ఏ నకలు సగంలో నిలిచిపోయి కణం మరణిస్తుంది. పని ఇంత స్పష్టంగా అర్థమైంది 1950ల చివర్లోనే. సుబ్బారావుకు, ఫార్బర్‌కు అప్పుడు తెలిసింది ఫోలేట్‌కు, విభజనకు ఏదో విడదీయరాని బంధం ఉందని మాత్రమే.

1947 డిసెంబరు చివర్లో ఫార్బర్ అమైనోప్టెరిన్ చికిత్స ప్రారంభించారు. 1948 జూన్ 3న వెలువడిన నివేదికలో 16 మంది పిల్లలకు మందు ఇచ్చినట్టు, వారిలో 10 మందిలో మెరుగుదల కనిపించినట్టు తెలిపారు. ఉబ్బిన ప్లీహం తగ్గింది. రక్తకణాల సంఖ్య మామూలు స్థాయికి చేరింది. అయితే ఆ మెరుగుదల తాత్కాలికమే. కొన్ని వారాలకో నెలలకో వ్యాధి తిరగబెట్టింది. వైద్య లోకంలో పలువురు ఈ ఫలితాలను నమ్మలేదు. పిల్లల బాధను పొడిగించడమేనని విమర్శించిన వారూ ఉన్నారు. అయినా ఒక సంగతి తొలిసారి రుజువైంది. ఒక రసాయనం ల్యుకేమియాను, కొంతకాలమైనా సరే, వెనక్కి నెట్టగలదు. క్యాన్సర్‌కు మందులతో చికిత్స అనే విభాగానికి పునాదిరాళ్ళలో ఇది ఒకటి.

ఈ మందుకు ఒక మూల్యం ఉంది. క్యాన్సర్ కణాన్ని, వేగంగా విభజన చెందే ఆరోగ్యకరమైన కణాన్ని ఇది వేరుచేసి చూడలేదు. నోటిలో పుండ్లు, పేగు బాధలు, రక్తకణాలు పడిపోవడం అందుకే కలుగుతాయి. విచిత్రమేమంటే ఇవి స్ప్రూ రోగి లక్షణాలను పోలి ఉంటాయి. ఒకచోట ఫోలేట్ దొరకదు, మరోచోట ఉన్నా పనిచేయదు. కీళ్ళవాతానికి చాలా తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారే ఇవ్వడం, తోడుగా ఫోలిక్ ఆమ్లం కూడా రాయడం వెనుక ఉన్న లెక్క ఇదే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

గోదావరి జిల్లాలకు తెలిసిన మందు

లెడర్లీలో ఆయన ఆధ్వర్యంలో మరో రెండు మందులు వెలువడ్డాయి. వాటిలో మొదటిది 1947లో వచ్చిన హెట్రజాన్. దోమకాటుతో వ్యాపించే ఫైలేరియా క్రిములపై పనిచేసే ఈ మందును డీఈసీ మాత్రగా కోస్తా జిల్లాల ప్రజలు బాగా ఎరుగుదురు. బోదకాలు నిర్మూలన కోసం ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే మాత్రల్లో ఇది నేటికీ ఉంది. రెండోది ఆరియోమైసిన్. వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాల్లోని సూక్ష్మజీవుల నుంచి దీన్ని కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని పలు రకాల బ్యాక్టీరియాపైనా పనిచేసే ఈ యాంటీబయాటిక్‌ను 1948 జులైలో ప్రపంచానికి ప్రకటించారు.

తరువాత కొన్ని రోజులకే, ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే సుబ్బారావు గుండెపోటుతో మరణించారు. ఆయన వయసు 53 ఏళ్ళు. అమైనోప్టెరిన్ నివేదిక వెలువడి అప్పటికి రెండు నెలలు మాత్రమే. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కావస్తోంది. భారతీయులు పౌరసత్వం పొందేందుకు అమెరికా 1946లో చట్టం సవరించినా ఆయన అది తీసుకోలేదు. విదేశీయుడిగానే వచ్చి, విదేశీయుడిగానే ఆ గడ్డపై కన్నుమూశారు. మూడేళ్ళలో వస్తానన్న భర్త కోసం ఎదురుచూసిన శేషగిరి ఆయనను మళ్ళీ చూడలేదు. ఆయన విజయాల జాబితా రాసేటప్పుడు ఆమె చెల్లించిన మూల్యాన్ని కూడా ఆ పక్కనే రాయడం న్యాయం.

ఎవరి ఘనత ఎంత

సుబ్బారావు పేరు ఎత్తగానే మన దేశంలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఈ మందులన్నింటినీ ఆయన ఒక్కరే కనిపెట్టారన్నది ఒకటి. ఆయన పేరును ప్రపంచం కావాలనే తొక్కేసిందన్నది మరొకటి. వాస్తవం ఈ రెంటికీ మధ్య ఉంది. ఏటీపీలో ఫిస్కేకు, లోమన్‌కు వాటా ఉంది. ఫోలిక్ ఆమ్లం వెనుక లూసీ విల్స్, స్టోక్‌స్టాడ్ సహా ఎందరో ఉన్నారు. అమైనోప్టెరిన్‌ను చేతులారా తయారు చేసింది సీగర్ బృందం. ప్రాణాలకు తెగించిన పోరాటంలో దాన్ని వాడింది ఫార్బర్. సుబ్బారావు ప్రత్యేకత వీరందరి పనిలోని సంబంధాన్ని పట్టుకోవడంలో ఉంది. ఏ సమస్యకు ఏ శాస్త్రవేత్తను నియమించాలో, కాలేయ సారం నుంచి కాన్సర్ వార్డు దాకా దారి ఎలా వేయాలో తెలిసిన దార్శనికుడు ఆయన. పత్రాలపై ముందు నిలబడకపోవడం, పత్రికలకు దూరంగా ఉండటం ఆయన స్వభావంలో భాగమని సహచరులు చెబుతూ వచ్చారు. పేరు మరుగున పడటానికి ఇతరుల అన్యాయంతో పాటు అదీ ఒక కారణం.

ఆయన మరణించిన ఎనిమిదేళ్ళకు, 1956లో, మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్‌తో గర్భాశయంలో పుట్టే ఒక అరుదైన క్యాన్సర్‌ను నయం చేశారు. విస్తరించిన గడ్డ క్యాన్సర్ కేవలం మందుతో నయం కావడం అదే తొలిసారి. ఆ తరువాత హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ రూపొందించిన మెర్కాప్టోప్యూరిన్ వంటి మందులను మెథోట్రెక్సేట్‌కు జోడించి పిల్లల ల్యుకేమియాకు సమష్టి చికిత్స రూపొందించారు. సంపన్న దేశాల్లో లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా సోకిన పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిదిమంది నేడు బతుకుతున్నారు. 1991లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం గర్భధారణకు ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే శిశువుల్లో వెన్నుపాము లోపాలు చాలావరకు నివారించవచ్చని తేల్చింది. రక్తహీనత నివారణకు మన దేశంలో గర్భిణులకు ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది.

1953లో శాస్త్రవేత్తలు కొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ళను విడుదల చేసింది. ఈ గౌరవాలు ఆలస్యంగా వచ్చినవే, అవసరమైనవే. అయితే వాటికంటే దగ్గరగా ఆయన జ్ఞాపకం మన మధ్య ఉంది. పల్లెలోని అంగన్‌వాడీ కేంద్రంలో గర్భిణి మింగే మాత్రలో ఉంది. క్యాన్సర్ ఆసుపత్రిలో జుట్టు రాలిన పిల్లవాడు మళ్ళీ బడికి వెళ్ళే రోజు కోసం తల్లిదండ్రులు లెక్కపెట్టుకునే మోతాదుల్లో ఉంది. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన ఒక కుర్రవాడి కోసం నగలు అమ్మిన తల్లి పెట్టుబడికి వచ్చిన రాబడి అది.